ఒక్క ఈల అంటే ఆగమని

నేను ఒక ఈలను. ఇత్తడి ఈలను, మీద పూసిన తెల్లపూత ఎప్పుడో రాలిపోయింది. లోపల చిన్న గింజ తిరుగుతుంటుంది. అదే నా గొంతనుకుంటారు మీరు. కాదు. నా గొంతు ఎప్పుడూ నన్ను ఊదినవాడిదే. నా కోపమంతా అక్కడే పుట్టింది.

రేకు వంచి, టంకం పెట్టి నన్ను చేసినవాడు ఒక్కసారి ఊది చూసి పెట్టెలో పడేశాడు. ఆ తర్వాత ముప్పై ఒక్క ఏళ్లు విజయనగరంలో బస్సు కండక్టరు దాలినాయుడి మెడలో వేలాడాను. ఒక్క ఈల అంటే ఆగు, రెండంటే పో. ఎక్కేది ముసలివాళ్లయితే, రెండో కాలు మెట్టు మీద పడకముందే రెండూ ఊదేసేవాడు. దుర్మార్గుడు కాడు. ఎవరు నెమ్మదిగా కదిలినా తన బతుకులోంచి ఏదో దొంగిలిస్తున్నట్టు అతని ఊపిరి వేడెక్కేది. ఆ వేడి అతనికంటే ముందు నాకు తెలిసేది.

రిటైరయ్యాక అతని మోకాళ్లూ మొరాయించాయి. పెన్షనర్ల భవనంలో శుక్రవారం సాయంత్రాలు జరిగే నాటకాల్లో చేరాడు. ఆడేవాళ్లూ చూసేవాళ్లూ అందరూ అరవై దాటినవాళ్లే. రాసిపెట్టిన మాటలుండవు. ఇంట్లోనో బ్యాంకులోనో జరిగిన అవమానాన్ని ఆడతారు. చూసేవాళ్లలో ఎవరికైనా ‘ఇలా కాదు’ అనిపిస్తే చెయ్యెత్తాలి. దాలినాయుడు ఒక్క ఈల వేస్తాడు, ఆట ఆగుతుంది. చెయ్యెత్తినవాళ్లు ఆ పాత్రలోకి వెళ్లి వేరేలా చేసి చూపిస్తారు. వాళ్లది అయ్యాక రెండు ఈలలు.

ఆ శుక్రవారం ఆసుపత్రి ఆట. తల్లి కుర్చీలో ఉంది. డాక్టరు వేషగాడు ఆమెను వదిలేసి కొడుకు వేషగాణ్ణి అడిగాడు, “అమ్మకెలా ఉంది?” “మీరెలాగంటే అలాగేనండి,” అన్నాడతను. జనం నవ్వారు. మూడో వరసలో అసిరితల్లి నవ్వలేదు. చెయ్యెత్తింది.

చక్కెర జబ్బు మనిషి. కుడిపాదం పుండు మానలేదు. సోమవారం మోకాలి కింద తీసేయడానికి తారీకు పడింది. ఆమె కొడుకూ డాక్టరూ మాట్లాడుకుని వేసిన తారీకు. ఆమెకు ఆ సంగతి ఇంటికెళ్లే ఆటోలో తెలిసింది.

ఒక్క ఈల. కుంటుకుంటూ వచ్చి తల్లి కుర్చీలో కూర్చుంది. పెదవులు కదిలాయి. “బాబూ, ఆ కాలు...” అని ఆగింది. మాట లోపలెక్కడో పెనుగులాడుతోంది. హాలంతా ఎదురుచూస్తోంది. దాలినాయుడి ఊపిరి వేడెక్కింది. వద్దు, అనుకున్నాను. ఈల అనుకుని ఏం లాభం?

రెండు ఈలలు.

కొడుకు వేషగాడు వెంటనే అందుకున్నాడు, “సరేనండి, మీరన్న రోజుకే తీసుకొస్తాను.”

“ఎవుడూదేడు?” అసిరితల్లి లేచింది. “నాయుడూ, నా మాట ఇంకా నోట్లోనే ఉంది.”

“అది కాదప్పా, ఆట నిలబడిపోతందని...” అక్కను పిలిచినట్టు పిలిచి నసిగాడు దాలినాయుడు.

“నిలబడనీ! నీ బస్సేటి పోద్దా? కాలు నాది. కొడుకడగలేదు, డాక్టరడగలేదు. అడగడానికి పెట్టుకున్న ఆటలో నువ్వూ సెప్పనియ్యవా?”

అతని మెడలోంచి నన్ను లాగేసుకుంది. పిడికిట్లో బిగించి మళ్లీ కూర్చుంది. ఈసారి ఎంతసేపు పట్టినా ఎవరూ కదల్లేదు. “డాక్టరు బాబూ, ఎందుకు కొయ్యాలో నాకు సెప్పు. కొయ్యకపోతే ఏటవుద్దో సెప్పు. అప్పుడు నేను సెప్తాను.”

దాలినాయుడు గోడకానుకుని ఖాళీ గుండె తడుముకుంటున్నాడు. నేను సంతోషించాల్సిందే. కానీ ఆ రెండు కూతలూ నాలోంచే వచ్చాయి. ఎవరి మీద కోప్పడను?

సోమవారం అసలు డాక్టరు ముందు అసలు కొడుకు అన్నాడు, “మా అమ్మకేటి తెలస్తాదండీ.” నేను ఆమె గుప్పిట్లోనే ఉన్నాను. నన్ను ఊదలేదు. “నువ్వు బయట కూకో,” అంది కొడుకుతో. డాక్టరు గడియారం చూశాడు, ఆమెను చూశాడు, పెన్ను కింద పెట్టాడు. ఇరవై నిమిషాలు చెప్పాడు. చివరికి ఆమె, “అయితే తియ్యండి,” అంది.

“నేను ముందే అదే సెప్పేను కదా,” అన్నాడు కొడుకు వరండాలో. ఆమె అతని వైపు చూసిన చూపుకు నా దగ్గర శబ్దం లేదు.

ఆపరేషనయ్యాక దాలినాయుడు బత్తాయిలు పట్టుకుని వార్డుకొచ్చాడు. దుప్పటి కింద కాలు లేని చోటు వైపు చూడకుండా ఒక బత్తాయి ఒలవడం మొదలెట్టాడు.

“అప్పా, శుక్రవారం ఆటుంది. ఆ ఈల...”

“ఇవ్వను.”

“మరి ఆట ఆపడమెలాగ?”

“నోరుంది కదా. ఆగండర్రా, అను. ఆగేక నువ్వు నోరు మూసుకో.”