నొప్పి ఉన్నచోట చేయి

పెళ్లయిన కొత్తలో నాకు దొరికిన మొదటి ఎముక మెడ కింద ఉండేది. ఒకరోజు పొద్దున అద్దం ముందు నిలబడితే, జాకెట్ మెడ మీదుగా ఇటొకటి అటొకటి రెండు కడ్డీల్లా కనిపించాయి. వాటి పక్కన గుంట పడింది. "బావా, ఇందులో ఒక చెంచాడు నీళ్లు నిలుస్తయి" అన్నాను. జీవన్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి వంగి చూశాడు.

"జర ఎక్కువనే నిలుస్తయి. చెంచా తేవాల్నా?"

నవ్వడానికి అందులో ఏమీ లేదు. ఆ రోజుల్లో నాకు అన్నిటికీ నవ్వొచ్చేది. జారిపోయే గాజులకు నవ్వొచ్చేది. గేటుకూ బండికీ మధ్య సందులోంచి పక్కకు తిరగకుండా నడిచి వెళ్లగలిగినందుకు నవ్వొచ్చేది.

చిన్నప్పటి నుంచి నేను లావు. డిగ్రీ కాలేజీలో ముగ్గురు పట్టే బెంచీ మీద నేను కూర్చుంటే ఇంకొక్కరికే చోటుండేది. ఇరవై దాటగానే షుగర్ కూడా మొదలైంది. డాక్టర్లు చెబితే మా వాళ్లు బరువు తగ్గే ఆపరేషన్ చేయించారు. పొట్టలో సంచిని కోసి చిన్నది చేశారు. లాలాపేట్‌లో మా నాయనమ్మ మాత్రం మూతి ముడుచుకుంది. "దేవుడిచ్చిన ఒంటి మీద కత్తి వెడితే ఆయన ఊకుంటడా?" అంది. ఏడాది తిరిగేసరికి నేను సగమయ్యాను. అప్పుడే జీవన్ సంబంధం వచ్చింది. ఆపరేషన్ సంగతి దాచకుండా చెప్పాం. మా అత్తమ్మ హన్నా విని, "మంచిదే కద, బియ్యం మిగుల్తయి" అందట.

మా కాపురం నాచారంలో, మేడ మీద రెండు గదుల్లో. అత్తమ్మ కింద పోర్షన్లో ఉండేది. జీవన్ అక్కడికి దగ్గర్లోనే ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పని చేసేవాడు. సాయంత్రం రాగానే బండి మీద ఉప్పల్ దాకా వెళ్లేవాళ్లం. 2013 అది. మెట్రో కోసం రోడ్డు నడుమ స్తంభాలు లేస్తున్నాయి, ఇరుపక్కలా గుంతలు. ఒక మిర్చి బజ్జీ కొనుక్కుని ఇద్దరం పంచుకునేవాళ్లం. నా పొట్టకు సగం చాలు. ఆ సగం బజ్జీ కోసం నేను పొద్దుటి నుంచి ఎదురుచూసేదాన్ని.

నొప్పి ఆ గుంతల్లోనే మొదలైంది. చీర కట్టుకుని ఒకవైపుకు కూర్చునేదాన్ని. బండి ఎగిరి పడినప్పుడల్లా వెనక, బాగా కింద, సూది గుచ్చినట్టయ్యేది. కొన్నాళ్లకు బండి అక్కర్లేకుండానే వచ్చేది. స్టీలు కుర్చీలో కూర్చుంటే వచ్చేది, నేల మీద కూర్చుంటే ఇంకా వచ్చేది. కూర్చుని లేవబోతే అక్కడెవరో లోపల్నుంచి పట్టి లాగినట్టుండేది.

ఒక ఆదివారం పొద్దున స్నానం చేస్తూ సబ్బు చేతిని వెనక్కి పోనిచ్చాను. నడుము దిగువన, పిరుదుల సందు మొదలయ్యే చోట, వేలికి ఏదో తగిలింది. గట్టిగా, రేగ్గింజంత. నొక్కితే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కదిపి చూశాను. కదల్లేదు. బకెట్ నిండి నీళ్లు పొర్లిపోతున్నాయి, నాకు నల్లా కట్టేయాలన్న తెలివి లేదు.

మర్నాడు జీవన్ పనికి వెళ్లాక కంప్యూటర్ ముందు నిలబడే వెతికాను. మెత్తగా ఉండి కదిలే గడ్డలకు అంత భయం లేదు, గట్టిగా ఉండి కదలని వాటిని వెంటనే చూపించుకోవాలి అని ఉంది. ఉన్నట్టుండి బరువు తగ్గడం కూడా ఒక లక్షణమే అని ఇంకోచోట ఉంది. నేను ఎందుకు తగ్గానో నాకు తెలుసు. అయినా ఆ మాట చదివాక, నిజంగా ఆపరేషన్ వల్లే తగ్గానా అన్న అనుమానం పట్టుకుంది. కంప్యూటర్ ఆపేశాను. నాయనమ్మ మాట గుర్తొచ్చింది. ఆయన ఊరుకోలేదు.

ఎవరికీ చెప్పలేదు. చెబితే అది నిజమైపోతుందనిపించింది. పెళ్లయి మూడు నెలలు. సగం బజ్జీ పంచుకునే మనిషి చేతిలో ఆసుపత్రి సంచి పెట్టడం నా వల్ల కాలేదు.

నొప్పి భరించలేనప్పుడు మందుల షాపులో బిళ్లలు కొనుక్కొచ్చి మింగేదాన్ని. పొట్ట మండేది. ఆ మంటను కూడా గడ్డ లెక్కలోనే వేసుకున్నాను.

అన్నిటికంటే కష్టం చర్చిలో. చిల్కానగర్‌లో మా సంఘానిది రేకుల షెడ్డు. ఆడవాళ్లందరం ఒకవైపు, జంపఖానా మీద కింద కూర్చోవాలి. పాస్టర్ గారి ప్రసంగం గంట దాటుతుంది. మోకాళ్ల మీద ఉంటే మాత్రం బరువు వెనక్కి పడదు. అందుకని నేను పాటలప్పుడూ మోకాళ్ల మీదే, ప్రసంగమప్పుడూ మోకాళ్ల మీదే. నొప్పికి కళ్లు గట్టిగా మూసుకునేదాన్ని. ఒక్కోసారి నీళ్లు కారేవి.

దాన్ని వాళ్లు వేరేగా చూశారు.

"హన్నక్కా, నీ కోడలు మోకాళ్లూనిందంటే లేస్తనే లేదు" అంది మా పక్కింటి సుశీలమ్మ, చెప్పులు వెతుక్కుంటూ. "మా ఇంట్ల గూడ ఉన్నది ఒకతి. ఆమెన్ అనెటందుకు గూడ ఫోన్ల నుంచి తలెత్తది."

"అందరికీ దొరుకుతరా ఇసొంటి పిల్లలు" అంది అత్తమ్మ. పైకి మామూలుగా అన్నా, దారి పొడుగునా నా చేయి వదల్లేదు. అన్నం కొంచెమే తినడం కూడా నా భక్తి కిందికే వచ్చింది. చివరికి పాస్టరమ్మ పిలిచి, "వచ్చే శుక్రవారం ఉపవాస ప్రార్థనల నువ్వు ముందుండాలమ్మా" అంది. నేను తల ఊపాను. ఊపకుంటే ఎందుకని అడుగుతారు.

సాయంత్రాలు జీవన్ తాళం చెవి తిప్పుతూ వచ్చేవాడు. "ఉప్పల్ పోదామా?"

"తలనొస్తుంది బావా."

"నిన్న కడుపునొప్పి, మొన్న తలనొప్పి. నచ్చంది బండా, నేనా?"

నవ్వుతూనే అన్నాడు. కానీ తాళం చెవిని మేకుకు తగిలించేటప్పుడు చప్పుడు కాకుండా, మెల్లగా తగిలించాడు. ఆ మెల్లదనం చూసి నాకు ఏడుపొచ్చింది. స్నానాల గదిలోకి వెళ్లి మళ్లీ తడిమి చూసుకున్నాను. ఉంది. పెరిగిందేమో అనిపించింది. రోజూ తడుముతుంటే పెరిగిందో లేదో తెలియదు, భయం మాత్రం పెరుగుతుంది.

శుక్రవారం ఉపవాస ప్రార్థన. నన్ను మైకు పక్కనే, అందరికంటే ముందు ఉంచారు. పాటలయ్యాక పాస్టర్ గారు గొంతు తగ్గించి అన్నారు: "అందరు కండ్లు మూసుకోండ్రి. ఎవరికి ఏ బాధ ఉన్నదో, నొప్పి ఉన్నచోట చెయ్యి పెట్టుకోండ్రి. ప్రభువు చూస్తడు."

ఎప్పుడూ చేసేదే. ఒకరు మోకాలి మీద, ఒకరు గుండె మీద, ఇంకొకరు పళ్లు నొస్తున్నాయని చెంప మీద చేయి పెట్టుకుంటారు. నేను నుదుటి మీద పెట్టుకున్నాను. పాస్టర్ గారి ప్రార్థన పెద్దదయ్యే కొద్దీ నాకు భయం పెరిగింది. ఏ జబ్బూ లేని నుదురు బాగవుతుంది, గడ్డ గడ్డలాగే ఉంటుంది అనిపించింది. ఒక కన్ను తెరిచి చూశాను. అందరి కళ్లూ మూసే ఉన్నాయి. చేతిని మెల్లగా దించి, కొంగు కింది నుంచి వెనక్కి పోనిచ్చి, అక్కడ పెట్టాను.

"ప్రభువా, తప్పయితే క్షమించు" అనుకున్నాను. "ఇంకొన్నాళ్లు ఉండనీ. బజ్జీ సగం కూడా వద్దు. పావు చాలు."

ఆమెన్ కాకముందే కళ్లు తెరిచాను. అత్తమ్మ తన మోకాలి మీద చేయి వేసుకుని, కళ్లు తెరిచి నా చేతిని చూస్తోంది.

బయటికొచ్చి మలుపు తిరిగేదాకా నన్ను ముందు నడిపించింది. మూసి ఉన్న టైర్ల షాపు దగ్గర ఆగింది.

"ఏమున్నది ఆడ?"

"ఏం లేదత్తమ్మా."

"ఏం లేని కాడ చెయ్యెందుకు వెట్టినవ్?"

షట్టరుకు ఆనుకుని చెప్పేశాను. గడ్డ అన్న మాట పైకి అనడం అదే మొదటిసారి. అత్తమ్మ సంతలో చిన్నపిల్ల పట్టుకున్నట్టు నా కొంగు అంచు పట్టుకుంది. ఆమెకూ భయం వేసింది. అప్పటిదాకా, చెబితే ఎవరో ఒకరు ఏం కాదంటారని లోలోపల ఆశ ఉండేది.

"మోకాళ్ల మీద ఉన్నది గందుకేనా?" అంది.

తల ఊపాను.

"నేను భక్తి అనుకుంటి."

"ప్రార్థన గూడ చేసిన అత్తమ్మా."

"చేస్తవు తియ్. గంత నొప్పిల ఎవరైనా చేస్తరు." ఫోన్ తీసి కొడుక్కి చేసింది. "జీవనూ, ల్యాబు గీబు పక్కకు వెట్టి హబ్సిగూడ రా. ఎముకల డాక్టరమ్మ కాడికి. ఎందుకో వచ్చినంక చెప్త."

ఆటోలో నన్ను సీటు అంచున కూర్చోబెట్టి, ముందున్న కడ్డీ పట్టుకొమ్మంది. "వంగి కూసో. వెనుకకు ఆనకు." గుంత వచ్చిన ప్రతిసారీ ఆమె చేయి నా నడుము చుట్టూ బిగిసేది. డ్రైవరును మెల్లగా పోనీయమని తిట్టింది, మెల్లగా పోతుంటే ఆలస్యమైతుందని తిట్టింది.

క్లినిక్‌లో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నేను గోడ పక్కన నిలబడ్డాను. అత్తమ్మ కూర్చోబోయి, నన్ను చూసి తనూ లేచి నిలబడింది. ఇంతలో జీవన్ వచ్చాడు. ల్యాబ్ టోపీ అచ్చు నుదుటి మీద అలాగే ఉంది. తల్లి చెవిలో ఏదో చెప్పింది. ఆయన మొహం తెల్లబోయింది. వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "కూర్చోండమ్మా, టైం పడుతది" అంది కౌంటరు దగ్గరి అమ్మాయి. ముగ్గురం నిలబడే ఉన్నాం.

డాక్టర్ పేరు సూర్యకళ. ఆపరేషన్ గురించి, తగ్గిన బరువు గురించి, బిళ్లల గురించి అడిగింది. తెర చాటున పక్కకు తిరిగి పడుకోమని, సరిగ్గా అక్కడే నొక్కింది. నేను దుప్పటి కొరికాను. "ఎక్స్‌రే తీయించుకు రండి" అంది. ఆమె మొహంలో ఏమీ కనిపించలేదు. అలా ఏమీ కనిపించకపోవడమే నాకు తీర్పులా అనిపించింది.

ఫిల్మును లైటు పెట్టెకు తగిలించింది. తెల్లటి నడుము, తెల్లటి పూసలు, అన్నిటికీ చివర ముందుకు వంగిన చిన్న ముక్క.

"అదే మేడం" అన్నాను. "అదే గడ్డ."

"ఎక్కడ?"

"చివర. ఆ వంగి ఉన్నది."

డాక్టర్ ఫిల్మును వదిలేసి నన్ను చూసింది. "అది నీ ఎముకమ్మా. తోక ఎముక అంటారు. అందరికీ ఉంటుంది."

"నాకు లేదు మేడం."

"లేకపోవడమేంటి?"

"ఇంతకుముందు లేదు."

జీవన్ దగ్గు అడ్డం పెట్టుకున్నాడు. డాక్టర్ మాత్రం నవ్వలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, నాకు తెలిసేలా నిదానంగా చెప్పింది. "పుట్టినప్పటి నుంచీ ఉంది. పైన కండ, కొవ్వు మెత్తలాగా ఉండేవి కాబట్టి నీ చేతికి ఎప్పుడూ తగల్లేదు. ఇప్పుడు ఆ మెత్త పోయింది. కూర్చుంటే బరువంతా దాని మీదే పడుతోంది. పైగా గుంతల్లో బండి. దెబ్బ మీద దెబ్బ తిని అక్కడ వాచింది. బరువు బాగా తగ్గినవాళ్లలో కొందరికి ఇలా వస్తుంది. ఇందులో గడ్డ ఏమీ లేదు."

"ముడ్డిపూసనా?" అంది అత్తమ్మ.

"అదేనమ్మా."

అత్తమ్మ వెనక్కి తిరిగి, నా చేయి లాక్కుని, చీర మీదనే తన నడుము కింద పెట్టి గట్టిగా ఒత్తింది. "సూడు. గిదేనా నీ గడ్డ?"

వేళ్లకు తగిలింది. గట్టిగా, రేగ్గింజంత. కదల్లేదు. అదే.

"నాకూ ఉన్నది. వీనికీ ఉన్నది. జీవనూ, ఇటు తిరుగురా."

"అమ్మా, జర ఊకో" అన్నాడు జీవన్ పైకప్పు చూస్తూ. అప్పుడు నవ్వింది డాక్టర్. నేను మాత్రం ఏడ్చాను. భయంతో ఆపుకున్న ఏడుపంతా, భయం పోయాక వచ్చింది.

ఆ తర్వాత డాక్టర్ మందలించింది. పొట్ట ఆపరేషన్ అయినవాళ్లు నొప్పి బిళ్లలు అడగకుండా వేసుకోకూడదు, కొన్ని పొట్టలో పుండు చేస్తాయి, అందుకే ఆ మంట అంది. తను చెప్పిన మందే వాడమంది. కూర్చుంటే కొంచెం ముందుకు వంగమంది, గంటల తరబడి కూర్చోవద్దంది, వేడినీళ్ల కాపడం చెప్పింది, వెనక వైపు కోత ఉన్న దిండు వాడమంది. "వెంటనే పోదు. నెలలు పడుతుంది. కాళ్లు మొద్దుబారినా, జ్వరం వచ్చినా ఆగకుండా రా." విటమిన్లకు రక్త పరీక్ష రాసింది.

దిండు అత్తమ్మే చేసింది. లాలాపేట్ నుంచి ఫోమ్ తెప్పించి, కూరగాయల కత్తితో వెనక గాడి కోసి, తన పాత చీరతో గలేబు కుట్టింది. మొదటిసారి దాని మీద కూర్చున్నప్పుడు ఊపిరి బిగబట్టాను. నా బరువంతా తొడల మీదికి పోయింది. ఆ చోటు గాలిలో ఉంది. నొప్పి ఉంది, కానీ గుచ్చడం లేదు. నేను అన్నం ముద్ద కలుపుకుని, కూర్చుని తిన్నాను. కూర్చుని తినడం ఇంత బాగుంటుందని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు.

ఆదివారం ఆ దిండు చంకన పెట్టుకునే చర్చికి వెళ్లాను. సుశీలమ్మ రెండు పాటలు ఓపిక పట్టింది. "ఏం హన్నక్కా, కోడలు కూసున్నది? భక్తి తగ్గిందా?"

"భక్తి గట్లనే ఉన్నది" అంది అత్తమ్మ. "ఎముక దొరికింది."

సుశీలమ్మకు అర్థం కాలేదు. అత్తమ్మ పాటల పుస్తకం తిప్పింది.

భయం ఒక్కసారిగా పోలేదు. చాలా రోజులు స్నానం చేస్తుంటే చేయి వెనక్కి పోయేది. వేలికి అది తగలగానే గుండె ఒకసారి ఆగేది. తర్వాత లైటు పెట్టెలో ఆ వంగిన ముక్క గుర్తొచ్చి మళ్లీ కొట్టుకునేది.

నొప్పి సగానికి పైగా తగ్గాకే డాక్టర్ బండి ఎక్కనిచ్చింది. చుడీదార్ వేసుకుని, రెండు వైపులా కాళ్లు వేసి, దిండు మీద కూర్చున్నాను. గుంత రాబోతుంటే జీవన్ ముందే, "లే" అనేవాడు. నేను ఆయన భుజాలు పట్టుకుని పాదాల మీద కొంచెం లేచేదాన్ని. గుంత దాటాక మెల్లగా కూర్చునేదాన్ని. హబ్సిగూడ దాటాక పెద్ద గుంత ఒకటి ఆయనకు కనపడలేదు. బండి ఎగిరి పడింది. ఆయన వెంటనే పక్కకు ఆపాడు. తిరిగి చూసిన ఆ కళ్లల్లో క్లినిక్‌లో చూసిన భయమే ఉంది.

"ఎముక ఉన్నదా?" అన్నాడు.

కాసేపు కదలకుండా చూసుకున్నాను. కొంచెం కలుక్కుమంది, అంతే.

"ఉన్నది బావా. పోనీ."

మేం వెళ్లేసరికి ఉప్పల్‌లో బజ్జీల బండి దగ్గర ఇంకా పొయ్యి వెలుగుతోంది.