పంక్చర్ అంగడి మనిషి

తిమ్మారెడ్డిని నరికి చంపినప్పుడు అతని జీపు వెనకే ఆగిన బస్సులో, కిటికీ పక్కన జయకర్ కూర్చుని ఉన్నాడు.

జమ్మలమడుగు నుంచి ముద్దనూరు పోయే దారిలో ఎర్రవంక క్రాసు దాటగానే జీపు ముందు మొదటి బాంబు పడింది. రెండోది టాపు మీద పేలింది. తిమ్మారెడ్డి దూకి తుమ్మచెట్ల వైపు పరుగెత్తాడు గానీ ఇరవై అడుగులు పోలేకపోయాడు. మొదటి వేటు మోకాలి వెనక పడింది. కూలబడి చెయ్యి అడ్డం పెడితే వేళ్లు తెగి దుమ్ములో పడ్డాయి. బస్సులో ఆడవాళ్లు పిల్లల ముఖాలను కొంగుల్లో దాచుకున్నారు. డ్రైవరు సీటు కిందికి దూరాడు. జయకర్ కళ్లు మూసుకోవాలనుకున్నాడు, అవి మూతపడలేదు.

మండలాధ్యక్షుడి ఎన్నికలకు అప్పటికి నెలరోజులు. తిమ్మారెడ్డి పార్టీ మారి కొత్త గుర్తు మీద నిలబడ్డాడు. చంపింది అవతలివర్గం వాళ్లని ఊరందరికీ తెలుసు. ఆ రోజు కారులో పోవలసినవాడు జీపులో, వేరే దారిన వస్తున్నాడని వాళ్లకు ఎవరు చెప్పారన్నదే ఎవరికీ తెలియదు.

జయకర్ హైస్కూల్లో తెలుగు అయ్యవారు. పదేళ్లుగా కథలు రాస్తున్నాడు. అప్పటికి తొమ్మిది తిరిగొచ్చాయి. తాను చూసిన చావును పదకొండు రోజులు కూర్చుని రాశాడు. కన్నీళ్లు, నిట్టూర్పులు అన్నీ కొట్టేసి చూసింది మాత్రమే ఉంచాడు. పేర్లు మార్చాడు. భార్య రత్నమణి చదివి కాగితాలు కింద పెట్టింది.

"దీన్ని పంపు," అంది. "ఇది తిరిగిరాదు."

తిరిగి రాలేదు గానీ ఉత్తరం వచ్చింది. విజయవాడ వారపత్రిక సంపాదకుడు సొంత చేతిరాతతో రాశాడు. "హత్యను గొప్పగా చూపించారు. కానీ అతను ఆ దారిన వస్తున్నట్టు హంతకులకు ఎలా తెలిసింది? అది లేక కథ కుంటుతోంది. దారి పక్కన బతికే ఒక చిన్న మనిషిని పెట్టండి. అతని చేతుల మీదుగా ఈ చావు జరగాలి. అప్పుడు వేసుకుంటాను."

చెప్పింది నిజమేననిపించింది జయకర్‌కు. కథను మళ్లీ మొదటి నుంచి నడిపించి చూసుకున్నాడు. జీపు మలుపు తిరుగుతోంది. అక్కడ ఎవరుంటారు? పంక్చర్ అంగడి మనిషి. జీపు రాగానే అతను ఒక పాత టైరు తీసి కొయ్యకు తగిలిస్తాడు. దూరాన చెట్ల మాటున ఉన్నవాళ్లకు అదే సైగ. అంతే, కథ బిగిసింది. కానీ ఆ మనిషి కాగితం మీద బొమ్మలా ఉన్నాడు, ఊపిరి లేదు. రెండు రోజులు కొట్టుకుని, మూడో రోజు అతనికి ఒక అలవాటు ఇచ్చాడు. ట్యూబును తొట్టిలో ముంచి, నీళ్లకు చెంప ఆనేంత దగ్గరగా వంగి బుడగల కోసం చూస్తాడు. ఆ వాక్యం రాయగానే మనిషి లేచి నిలబడ్డాడు.

ఆ అలవాటు ఎర్రవంక క్రాసులో పంక్చర్లేసే అమీర్ బాషాది. జయకర్ సైకిలు అక్కడ పదిసార్లయినా బాగు చేయించుకున్నాడు. రాస్తున్నప్పుడు అది ఫలానా మనిషిదన్న ఆలోచనే రాలేదు. అక్కరకొచ్చింది, వాడుకున్నాడు.

కథ అచ్చయిన వారం ప్రొద్దుటూరు బస్టాండులో నాలుగు ప్రతులు కొన్నాడు. హెడ్మాస్టరు జగన్నాథం స్టాఫ్‌రూములో పైకి చదివి వినిపించాడు. విజయవాడ ప్రచురణకర్త ఒకాయన, కథలన్నీ పంపితే పుస్తకం వేస్తానని కార్డు రాశాడు. జయకర్ ఆ కార్డును జేబులోనే పెట్టుకుని తిరిగాడు.

ఆదివారం ఉదయం చర్చి నుంచి వస్తూంటే, నారపరెడ్డి పిలుస్తున్నాడని ఒక మనిషి వచ్చి చెప్పాడు. నారపరెడ్డి తిమ్మారెడ్డి తమ్ముడు. అన్న పోయాక వర్గం అతని చేతికి వచ్చింది. కాదనడానికి వీల్లేదు. జయకర్ సైకిలు మీదే పోయాడు.

నారపరెడ్డి అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. పత్రిక ఒళ్లో ఉంది.

"పద్నాలుగు నెలల నుంచి నిద్దర ల్యాకుండా ఎతుకుతాండా అయ్యవారూ. పోలీసోళ్లకు చేతకాల్యా. నువ్వు కనిపెట్టినావు."

జయకర్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక గ్లాసు కింద పెట్టాడు.

"అన్నా, అది కత. పంక్చర్ మనిషి సంగతి నేను పుట్టించినా."

"ఎందుకు పుట్టిస్తావు?"

"పత్రికాయన అడిగినాడన్నా. వాండ్లకెట్ల తెలిసిందో రాయమన్యాడు."

"ఆయప్ప అడిగినాడు, నువ్వు ఇచారించి చెప్పినావు. అంతే గదా?" నారపరెడ్డి గొంతు పెరగలేదు. "జీపు నిజం. బస్సు నిజం. మాయన్న ఏళ్లు తెగింది నిజం. అన్నీ నిజమే రాసి అదొక్కటి అబద్దం రాసినావా? పిల్లోండ్లకు సదువు చెప్పేవానివి, అబద్దమెందుకు రాస్తావప్పా?"

"కతంటే అట్లే ఉంటాదన్నా."

"సరే. తొట్టికాడ చెంప ఆనిచ్చి బుడగలు చూసేది బాషానేనా, కాదా? అదొక్కటి చెప్పు."

"ఆ అలవాటు బాషాదే అన్నా, గాని..."

నారపరెడ్డి తల ఊపాడు. అది తనకనుకున్నాడు జయకర్. గోడ పక్కన నిలబడ్డ ఇద్దరు మోటార్‌సైకిలు స్టార్టు చేసి వెళ్లిపోయిన తరవాత గానీ అది ఎవరికో తెలియలేదు. లేవబోతే ఇంకొకడు భుజం నొక్కి కూర్చోబెట్టాడు. జయకర్ కాళ్లు పట్టుకున్నాడు. బైబిలు మీద ప్రమాణం చేశాడు. నారపరెడ్డి కాళ్లు వెనక్కి లాక్కుని, "పో, ఇంగ నీతో పనిల్యా," అన్నాడు.

క్రాసుకు ఐదు కిలోమీటర్లు. ఎండలో జయకర్ పెడల్ మీద లేచి నిలబడి తొక్కాడు.

క్రాసులో ఒక బస్సు ఆగి ఉంది. అది కదిలేదాకా ఆ ఇద్దరూ బాషాకు ఒక పాత ట్యూబు ఇచ్చి పంక్చరు చూడమని కాచుకున్నారు. జయకర్ కేకేస్తే వినపడేంత దగ్గరికి వచ్చేసరికి బస్సు కదిలింది. బాషా తొట్టి మీదికి వంగి ఉన్నాడు. మొదటివాడు సంచిలోంచి కొడవలి తీసి మెడ మీద వేశాడు. వేటు కొంచెం తప్పి భుజంలో దిగింది. తొట్టి నీళ్లు ఎర్రబడ్డాయి. బాషా లేచి, ఎందుకో చేతిలోని ట్యూబును వదలకుండానే, వెనక్కి వెనక్కి నడిచాడు.

"నేను రాసింది అబద్దం! అబద్దమప్పా!" జయకర్ సైకిలు వాళ్ల మీదికి తోసి రెండోవాడి నడుము పట్టుకున్నాడు. వాడు కొడవలి తిరగేసి మొద్దు వైపుతో కొట్టాడు. గూడ ఎముక విరిగిన చప్పుడు జయకర్ తన చెవులతో విన్నాడు. దుమ్ములో పడి చూస్తూ ఉండిపోయాడు. ఆరు వేట్లు. చివరిది ముఖం మీద.

వాళ్లు వెళ్లాక పాక్కుంటూ దగ్గరికి పోయాడు. బాషాకు ఇంకా ప్రాణం ఉంది.

"ఏం రాసినారు సార్?" అని అడిగాడు. గొంతులోంచి మాటతో పాటు గాలి బయటికి పోతోంది. జయకర్ చెప్పేలోపే కళ్లు నిలబడిపోయాయి.

జయకర్ ఆసుపత్రి మంచం మీద ఇద్దరి పేర్లూ, పంపినవాడి పేరూ చెప్పి వాంగ్మూలం మీద ఎడమచేత్తో సంతకం పెట్టాడు. నెల తిరక్కముందే ఒక ఉదయం వాకిట్లో బాంబు పేలింది. వంటింటి గోడ పడిపోయింది. రత్నమణి తొడలో మేకులు, గాజుపెంకులు దిగాయి. ఆమెను పులివెందులలో పుట్టింటికి పంపుతూ, సాక్ష్యం మానుకుంటానన్నాడు.

"మానుకుంటే నువ్వు రాసిందే నిజమైతాది," అంది రత్నమణి. "ఇంగ ఆ బాషా ఎప్పటికీ ద్రోహే. సాక్ష్యం చెప్పు."

ఆ రోజుల్లోనే ప్రచురణకర్త నుంచి రెండో ఉత్తరం వచ్చింది. గొడవ పేపర్లలో పడింది కాబట్టి ఈ కథ పేరే పుస్తకానికి పెడదామన్నాడు. ఆ ఒక్క కథ తీసేసి మిగతావి వేయమని జయకర్ జవాబు రాశాడు. అది లేకపోతే మిగతావి ఎవరు కొంటారని ఆయన అడిగాడు. జయకర్ కథలన్నీ వెనక్కి తెప్పించుకున్నాడు. పదేళ్లుగా ఆశపడ్డ పుస్తకం అక్కడితో పోయింది. అప్పుడతనికి ఏడుపు వచ్చింది, ఆ ఏడుపు చూసుకుని సిగ్గుపడ్డాడు.

రెండేళ్లకు ప్రొద్దుటూరులో కేసు విచారణకొచ్చింది. ఆ మధ్యలో నారపరెడ్డి తన మనుషులతో సహా పాలకపక్షంలో చేరాడు. పంపినట్టు ఆధారం లేదని అతని పేరు ఛార్జిషీటులోకే ఎక్కలేదు. క్రాసులో సోడాలమ్మేవాడు ఏమీ చూడలేదన్నాడు. మిగిలింది జయకర్ ఒక్కడే.

ముద్దాయిల వకీలు పత్రిక చేతిలో పట్టుకుని లేచాడు.

"ఈ కథ మీరు రాసిందేనా?"

"నేనే."

"ఇందులో హత్య మీరు కళ్లారా చూసిందేనా?"

"చూసిందే."

"టైరు తగిలించి సైగ చేయడం?"

"అది చూల్యా. కల్పించినా."

"చచ్చేముందు హతుడు నీళ్లడిగినట్టు రాశారు. అది విన్నారా?"

"లేదు. రెండోసారి రాసేటప్పుడు అదీ కల్పించినా."

"చూసిందీ చూడనిదీ తేడా తెలియకుండా కలిపి రాయడమే మీ విద్య. అంతేనా?"

"కతలో అంతే సార్."

"మరి ఇందాక మీరు కోర్టుకు చెప్పినదాంట్లో ఏది చూసింది, ఏది కలిపింది?"

వెనక బెంచీల్లో నవ్వారు. "ఇది కత కాదు సార్," అన్నాడు జయకర్. ఇన్నేళ్లు పాఠకుడు నమ్మేలా వాక్యాన్ని ఎలా చెక్కాలా అని పాటుపడినవాడికి, ఆ బోనులో నమ్మించే మాట ఒక్కటీ దొరకలేదు. పదిహేను రోజుల తరవాత, ఒంటి సాక్ష్యం చాలదని ఇద్దరినీ వదిలేశారు. బయట దండలు వేసి పటాకులు కాల్చారు.

ఆ పొగలోంచి బాషా భార్య సాజిదా వచ్చి జయకర్ ముందు నిలబడింది.

"సార్, ఒక మాట నిజం చెప్పండి. మా ఆయన ఆ టైరు తగిలించినాడా?"

జయకర్‌కు ఆ ప్రశ్న కొడవలికన్నా లోతుగా దిగింది. "లేదమ్మా. ఆయన ఏ పాపం ఎరగడు."

"వీధిలో అందరూ అట్లే అనుకుంటాండారు. దుడ్లు తీస్కోని సైగ చేసినాడంట. బుక్కులో పడింది గదా అంటారు. మా అత్త కూడా ఒకోసారి నన్నడుగుతాది, వాడు నీకేమన్నా చెప్పినాడా అని. నేను గూడా అనుకున్యా సార్."

"నేను వచ్చి చెప్తా."

"నాకు గాదు. అందరికీ చెప్పల్ల."

ఎర్రవంక క్రాసులో బస్సు దిగి ఆమె ముందు నడిచింది, జయకర్ వెనక నడిచాడు. ఊరి చివర వాళ్ల వీధి. మొదటి ఇల్లు వాళ్లదే. బాషా తల్లి మైమూన్ గడప మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. జయకర్ ఆమె ముందు నిలబడి, ఏం రాశాడో, ఎందుకు రాశాడో, బాషా నుంచి ఏది తీసుకున్నాడో, ఏది తానే పుట్టించాడో ఒకటొకటిగా చెప్పాడు. పక్కిళ్ల వాళ్లు చేరారు. ముసలమ్మ చేట పక్కన పెట్టి అంతా విన్నది. లేచి చెప్పు తీసి అతని ముఖం మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. పెదవి చిట్లి రక్తం చొక్కా మీద పడింది. జయకర్ చెయ్యి అడ్డం పెట్టలేదు. ఆమెకు ఆయాసం వచ్చేదాకా ఎవరూ ఆపలేదు.

"నా కొడుకు మంచోడంట, విన్నారా?" అని ముసలమ్మ చుట్టూ ఉన్నవాళ్ల వైపు తిరిగింది. ఒకరిద్దరు తలలు దించుకున్నారు. ఒకాయన, "ఇప్పుడైతే అట్లే చెప్తాడు లే," అని గొణిగాడు.

మైమూన్ చెప్పు తొడుక్కుని జయకర్ మోచెయ్యి పట్టుకుంది.

"రా. ఆ పక్కింట్లో కూడా చెప్పు."