గడ్డి కూలి

మధ్యాహ్నం దాటినా ఎండ తగ్గలేదు. పొడుగమ్మ వంచిన నడుము ఎత్తకుండానే మోచేత్తో మొహం తుడుచుకుంది. పొడుగ్గా ఉందని చిన్నప్పుడు పెట్టిన పేరది. పెళ్లయిన దగ్గర్నుంచీ వంగి కలుపు తీస్తున్న మనిషిని అలా పిలవడం ఎగతాళిగానే ఉంటుంది. ఆమె నిటారుగా నిలబడగా చూసినవాళ్లు తక్కువ.

చేతులు మండుతున్నాయి. మడిలో పొద్దున్నుంచీ ఏదో ఘాటు వాసన. తుంగ ఆకుల చివర్లు పసుపెక్కి, మొదళ్లు మెత్తబడి, పట్టుకుంటే చాలు ఊడి వస్తున్నాయి.

"అత్తా, దీనికేదో మందు కొట్టారు."

పక్క సాలులో ఉన్న అత్త తలెత్తలేదు. "కొడితే కొట్టనీవే. పని తేలికైంది గదా. నీ సొమ్మేం పోయింది?"

పోయేది తమ సొమ్మే. అది ఆసామి తన గేదెల కోసం మేత వేసుకున్న మడి. అందులో మొలిచే తుంగా గరికా పీకినందుకు ఆయనిచ్చే కూలి రెండు వందలు. మిగతా పొలాల్లో మూడు వందలు ఇస్తారు. ఇదేమిటయ్యా అంటే, పీకిన గడ్డి పీకినవాళ్లదే కదా, దాని ఖరీదు వంద అంటాడు. వాళ్ల నాన్న నాటి నుంచీ అదే పద్ధతి. తన మడికి పట్టిన పీడని ఎదుటివాళ్లకి కూలి కింద కట్టే తెలివి ఆ ఇంటికి వెన్నతో పెట్టిన విద్య. ఎవరూ నోరెత్తలేదు, ఎందుకంటే ఆ మోపుల మీదే వాళ్ల పశువులు బతుకుతున్నాయి. పొడుగమ్మ ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క ఆవు. నిండు చూలుతో ఉంది, నేడో రేపో ఈనేలా ఉంది. అత్తాకోడళ్లిద్దరికీ ఇక అదే దిక్కు.

పొద్దు వాలుతుండగా ఆసామి వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. ఇద్దరి చేతుల్లో చెరో రెండు వందలు పెట్టాడు.

"అయ్యా, ఈ గడ్డికి మందు కొట్టారా?" అని అడిగింది పొడుగమ్మ.

"కొట్టాను. నాలుగు రోజులైంది. చావకుండా మిగిలిందే మీరు పీకింది. అది కలుపు చచ్చే మందమ్మాయ్, పశువులు చచ్చేది కాదు. ఎప్పట్లాగే కట్టుకుపో."

"మా ఆవు చూలుతో ఉందయ్యా."

"అందుకే కడుపునిండా పెట్టు. నువ్వేమన్నా పరాయిదానివా? నీకు చెడు చెబుతానా?"

ఆయన మాట ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. పొడుగమ్మ మోపు కట్టి నెత్తికెత్తుకుంది. అత్త తన మోపుతో వెనకాలే వస్తోంది. దారి ఆసామి కొట్టం ముందు నుంచే. అక్కడ గేదెలన్నీ కట్టేసి ఉన్నాయి, వాటి ముందు ఎండుగడ్డి ఉంది. ఎక్కడో కొని బండి మీద తెప్పించిన గడ్డి, తాళ్లు కూడా పూర్తిగా విప్పలేదు. రూపాయి తీయాలంటే రెండు రోజులు ఆలోచించే మనిషి, మడి నిండా పచ్చి మేత పెట్టుకుని ఎండుగడ్డి ఎందుకు కొన్నాడు? ఆలోచిస్తూ రెండడుగులు వేసి ఆగిపోయింది.

వెనక్కి తిరిగి కొట్టంలోకి వెళ్లింది. మోపు కింద పడేసి, కట్టు విప్పి, చేతులనిండా గడ్డి తీసి అన్నిటికన్నా పెద్ద గేదె ముందు వేసింది. గేదె మూతి చాపింది.

ఆసామి పరుగున వచ్చాడు. ఒక చెప్పు దారిలోనే ఊడిపోయింది. గేదె పలుపు పట్టుకుని తల పక్కకి గుంజి, గడ్డిని కాలితో అవతలికి నెట్టాడు.

"మతి పోయిందా నీకు? పూటకి ఆరు లీటర్లిచ్చే గేదె ఇది."

"ఏం కాదన్నారు గదయ్యా."

"ఏం కాదు... మూడు వారాల దాకా మేపొద్దని మందుల షాపువాడు అన్నాడు. ఊరికే, జాగ్రత్త కోసం."

"ఆ జాగ్రత్త మా ఆవుకి అక్కర్లేదా?"

"సరే, పారేసి పో. తినిపించి తీరాలని ఎవరన్నారు?"

"మరి గడ్డి కింద తగ్గించిన వంద?"

"ఆ లెక్క నేను పెట్టింది కాదు. నీ ఒక్కదాని కోసం మార్చనూ లేను. గిట్టకపోతే రేపట్నుంచి రావద్దు. నీ చోట్లోకి పదిమంది వస్తారు."

అది నిజమే. వస్తారు. పొడుగమ్మకీ ఆ సంగతి తెలుసు. ఆమె మిగిలిన గడ్డి మళ్లీ మోపు కట్టి, కొట్టం వాకిట్లో అడ్డంగా పెట్టి, దాని మీద కూర్చుంది.

"ఆ వందా ఇస్తే మంచి గడ్డి కొనుక్కుపోతాను. లేదంటే ఇక్కడే ఉంటాను."

పాలు పితికి కేంద్రంలో పోసి రావాల్సిన వేళయింది. ఆసామి చెంబు పట్టుకుని లోపలే నిలబడిపోయాడు. ఒక ఆడమనిషిని దాటుకుని పోలేడు, పక్కకి తోయనూ లేడు. బయట అత్త మోపు నెత్తిన పెట్టుకునే నిలబడి ఉంది. ఆ ముసలిదానికి నోట్లో నాలుక లేదని అందరూ అంటారు. కోడల్ని రమ్మని పిలుస్తుందేమోనని ఆసామి ఆశగా చూశాడు.

ఇంటి దగ్గర ఆవు ఈపాటికి దారికేసి చూస్తూ అరుస్తూ ఉంటుంది. దానికి ఈ పూట నీళ్లు తప్ప పెట్టడానికేమీ లేదు. ఆ సంగతి అత్తకీ తెలుసు. ఆమె చాలాసేపు రోడ్డు వైపే చూసింది. తర్వాత మెల్లగా వాకిట్లోకి వచ్చింది.

"కాస్త చెయ్యి వెయ్యవే," అంది కోడలితో, "నాదీ దించుతాను."