రూపను తీసేయాలన్న శనివారం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అందుకే మా ‘ముందడుగు’ శనివారం సభలో, అడిగితే తప్ప రబియా మేడం నోరు విప్పకూడదని పిల్లలే నియమం పెట్టారు. నల్గొండలో మా యూనివర్సిటీలో ఈ ‘ముందడుగు’ స్కాలర్‌షిప్ నడిపేది నేనే. ఏటా కొందరు పేదింటి పిల్లలకు ఫీజు, హాస్టల్ ఖర్చు ఇస్తాం. శనివారాలు నాయకత్వం నేర్పుతాం. నేర్పడమంటే ఉపన్యాసాలు దంచడం కాదు. ఎవరితోనైనా వాదించే ముందు వాళ్ల మాటను మనం తిరిగి చెప్పాలి. వాళ్లు “అవును, నేనన్నది అదే” అంటేనే మన వంతు వస్తుంది.

తెలంగాణ వచ్చాక తొలి వానాకాలం అది. ఆఫీసులు, ఉద్యోగాలు రెండు రాష్ట్రాలకూ పంచుకుంటున్న రోజులు. ఎవరు ఇక్కడివాళ్లు, ఎవరు కాదన్న గొడవ టీకొట్ల దాకా పాకింది. ఓ విద్యార్థి సంఘం మా గేటు ముందు బైఠాయించింది. ‘ఆంధ్రా పిల్ల’ రూపకు స్కాలర్‌షిప్ రద్దు చేయాలట. రూప పుట్టింది హుజూర్‌నగర్‌లో. వాళ్ల తాత మాత్రం సాగర్ కాలువకు నీళ్లొచ్చిన కొత్తలో కృష్ణ దాటి వచ్చి పొలం కొనుక్కున్నాడు. ఇప్పుడా పొలం లేదు. స్కాలర్‌షిప్ పోతే రూప చదువు అక్కడితో ఆగిపోతుంది.

సంఘం మాటను లోపలికి తెచ్చినవాడు మా సతీశే. ఆలంపూర్ దగ్గరి కూలీ ఇంటి పిల్లవాడు, ఉద్యమంలో లాఠీదెబ్బలు తిన్నవాడు. నాకు ఇష్టమైన విద్యార్థి కాబట్టే ఒళ్లు మండిపోయింది.

“గీ విషయం మీరొక్కరే తేల్చొద్దు మేడం. సభల పెడదాం” అన్నాడు. కాదనడానికి నాకు దారి లేదు. ఎవరిని ఉంచాలో, ఎవరిని తీసేయాలో సభే తేల్చాలన్నది మా పద్ధతి.

ఆ శనివారం సభ నడిపే వంతు జేబా అనే విద్యార్థినిది. సతీశ్ లేచి గట్టిగానే చెప్పాడు. తర్వాత రూప వంతు. పద్ధతి ప్రకారం ఆమె ముందు అతని మాట చెప్పాలి. బెదిరిపోయి ఏడుస్తుందనుకున్నాను.

“మీ తాత సాగర్ కాల్వ తవ్విండు సతీశన్నా” అంది రూప. “ఆ నీళ్లు మా తాత పొలానికి పారినయ్. మీ ఊరి చెల్క మాత్రం ఇంకా వాన కోసం మొగులు దిక్కే చూస్తాంది. మీ నాయిన పుణె పోయి గోడలు కడుతుండు. గింత కొట్లాడి రాష్ట్రం తెచ్చుకున్నంక కూడ జాగ మాకే దొరికితే, ఇగ మీకు ఎన్నడు దొరుకుతది? గిదే కదా నీ బాధ?”

సతీశ్ అంత బాగా చెప్పలేదు. అతనికీ ఆ సంగతి తెలిసింది. “అవును. గదే” అన్నాడు.

“ఇగ నా మాట. కృష్ణ అవతల మాకు ఇల్లు లేదు, మనిషి లేడు. ఆడికి పోతే నా మాట విని నవ్వుతరు, తెలంగాణ పిల్ల అంటరు. ఈడ ఆంధ్రా పిల్ల అంటున్నరు. నేను యాడ చదువుకోవాలె?”

ఇప్పుడు సతీశ్ తిరిగి చెప్పాలి.

“బీదదాన్ని, నాకు స్కాలర్‌షిప్ కావాలె అంటాంది” అన్నాడు.

“నేనన్నది గది కాదు” అంది రూప.

“మా తాత చేసిన దానికి నన్నెందుకు అంటున్నరు అంటాంది.”

“గదీ కాదన్నా.”

నోరు మూసుకుని కూర్చోవడం నాకు ఏనాడూ అంత కష్టం కాలేదు. సతీశ్ మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు.

“నా ఊరు గిదే. మీరు గూడ పొమ్మంటే నాకు ఊరే లేదు, అంటాంది” అన్నాడు మెల్లగా.

రూప తలూపింది. అప్పుడు గానీ ఆమెకు ఏడుపు రాలేదు.

“ఇగ నీ వంతు, చెప్పన్నా” అంది జేబా.

“నా మాట నాకున్నది. అది అబద్ధం కాదు. గని గది ఈమె మీద చెప్పేది కాదు” అని కూర్చున్నాడు. చేతులెత్తమంటే, రూప ఉండాలని అందరి చేతులూ లేచాయి, అతనిదీ.

పిల్లలంతా గేటు దాకా నడిచారు. వెనకే నేనూ వెళ్లాను. సంఘం నాయకుడు కమలాకర్ ఎదురొచ్చాడు.

“ఏమైందిరా, ఆంధ్రా పిల్లను తీసేసిన్రా?”

“ఏ ఆంధ్రా పిల్ల? ఆమెది హుజూర్‌నగర్” అన్నాడు సతీశ్. “తీసెయ్యలే.”

“నువ్వు గూడ అమ్ముడువోయినవా? రేపు బంద్ పెడతం.”

“పెట్టుండ్రి. మా దిక్కు చెల్కలకు నీళ్లు కావాలని పెట్టుండ్రి, ముందట నేనుంట.”

ఇన్నేళ్ల ఉద్యోగంలో అంత గర్వం ఎరగను.

రూప జనాన్ని తప్పించుకుంటూ ముందుకెళ్లి సతీశ్ పక్కన నిలబడింది.

“నేను గూడ వస్త” అంది కమలాకర్‌తో. “ముందుగాల మైకు నాకియ్యుండ్రి. ఆ కాల్వ ఎవరు తవ్విన్రో నేను చెప్త.”