ముసలి జాకీకి ఉగ్గుగిన్నె

నేను ఒక వెండి ఉగ్గుగిన్నెను. అరచేతిలో ఇమిడే ఒళ్ళు, ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు. నోరు మాత్రం లేదు. నన్ను చేసిన కంసాలి అది కూడా పెట్టి ఉంటే ఈ ఇంటివాళ్ళను ఎప్పుడో దులిపేసి ఉండేదాన్ని.

పుట్టింది పెద్దాపురంలో. వరాలమ్మ పుట్టినప్పుడు వాళ్ళ అమ్మమ్మ చేయించింది. వరాలమ్మ తాగింది, తర్వాత ఆమె కొడుకు తాగాడు, ఆ తర్వాత మనవరాలు హిమజ. తాగారని మర్యాదకి అంటున్నాను గానీ, పోశారు అనాలి. కాళ్ళు చాపుకుని, బిడ్డను వాటి మీద పడుకోబెట్టి, బుగ్గలు నొక్కి, నా ముక్కు నోట్లో పెట్టి వంచేయడమే. బిడ్డ ఏడిస్తే "ఆకలి కాబోలు పాపం" అంటారు. ఊరుకుంటే "ఇంకో రెండు గుక్కలు పడుతుందిలే" అంటారు. ఎటు తిరిగినా పోయడమే. ఏం మనుషులో!

హిమజ పెద్దదయ్యాక నన్ను పాత పంచె ముక్కలో చుట్టి బీరువా పై అరలో పెట్టారు. పంతొమ్మిదేళ్ళు హాయిగా పడుకున్నాను. మొన్న ఎండాకాలంలో తలుపు తెరుచుకుంటే, పురుడొచ్చింది కాబోలని మురిసిపోయాను. తీరా చూస్తే నా ముందున్నది కుక్క.

పేరు జాకీ, వయసు పద్నాలుగేళ్ళు. హిమజ బళ్ళో చేరిన కొత్తలో గౌనులో దాచి ఇంటికి తెచ్చిందట. ఇప్పుడు దానికి కిడ్నీలు పాడయ్యాయి, వెనక కాళ్ళు లేవడం లేదు. నాలుగు రోజులుగా ముద్ద ముట్టలేదు.

నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండింది. పక్కింటి బుల్లెమ్మకూ మండినట్టుంది, గోడ మీంచి అరిచింది.

"హవ్వ! కుక్క మూతి పెట్టినదాంతో రేపు పిల్లలకేం పోస్తారండీ? కరిగించేసుకోండి ఇంక."

"ముందు మావాడు తిననీవే. గిన్నె సంగతి తర్వాత" అంది వరాలమ్మ.

చాపిన కాళ్ళ మీద జాకీని అడ్డంగా వేసుకుంది. నా నిండా రాగిజావ. దవడ పక్కన నా ముక్కు దూర్చింది. జాకీ కరవలేదు. కరిచినా బాగుండేది. తల అటు తిప్పుకుంది, అంతే. ఈవిడ ఇటు తిప్పింది. సగం గొంతులోకి, సగం చీర మీదికి. దగ్గు, ఆయాసం, కాసేపటికి వాంతి. "అయ్యో, ఉన్నది కాస్తా పోయింది" అని మళ్ళీ నన్ను నింపింది. తల బాదుకుందామంటే నాకు తల కూడా లేదాయె. రోజుకు ఐదుసార్లు ఇదే భాగవతం. మధ్యలో ఉప్పూ ఎండుమిరపకాయలతో దిష్టి తీయడం, ఆ మిరపకాయల ఘాటుకు దానికి మళ్ళీ దగ్గు.

ఆవిడ మొండితనం ఎక్కడిదో జావ పోస్తూ ఆవిడే చెప్పుకునేది. రెండేళ్ళ కిందట భర్త నరసింహం గారిని పట్నం ఆసుపత్రిలో అద్దాల గదిలో పెట్టారు. క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని మూడు రోజులు బయట బెంచీ మీదే కూర్చుంది. ఆఖరి చుక్క గొంతులో పోయకుండానే ఆయన వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నుంచీ జాకీ ఆవిడ మంచం కిందే పడుకునేది. "నిన్ను కూడా ఆకలితో పంపేస్తానా నాయనా" అంటూ వంచేది నన్ను. జాలి వేసేది. చిరాకు మాత్రం తగ్గేది కాదు.

చూడలేక హిమజ పశువుల డాక్టరమ్మ రోజ్‌లిన్‌ను ఇంటికి పిలుచుకొచ్చింది. ఆవిడ కుక్కను చూసింది, జావ పడ్డ చీరను చూసింది, చివరికి నన్ను చూసింది.

"ఇంక జావ ఆపేయండమ్మా."

"ఆపేస్తే చచ్చిపోడూ?"

"తినకపోబట్టి పోవట్లేదమ్మా వాడు. పోయే ఘడియ దగ్గరపడింది కాబట్టే తినట్లేదు. నొప్పి తెలియకుండా మందిస్తాను. మెత్తగా పక్కేయండి, ఒళ్ళు పుండు పడకుండా అటూ ఇటూ తిప్పుతూ ఉండండి. నోరెండితే తడపండి, చాలు."

"చాలంటే ఎలాగమ్మా? మరి నేనేం చెయ్యాలి?"

"పక్కన కూర్చోండి."

అంతకంటే కష్టమైన పని ఆవిడకు పుట్టి బుద్ధెరిగాక ఎవరూ చెప్పి ఉండరు. రెండుసార్లు వంటింట్లోకి లేవబోయింది. "నానమ్మా!" అని హిమజ కసిరితే మళ్ళీ కూలబడింది. నాలో ఇప్పుడు ఉత్త మంచినీళ్ళు. పెదవి మీద ఒక చుక్క. జాకీ నాకితే ఇంకో చుక్క, నాకకపోతే ఆగడం. నా ఇన్నేళ్ళ బతుకులో అడిగి పోయడం అదే మొదలు.

మూడో రోజు మధ్యాహ్నం జాకీ నాలుక మెల్లగా బయటికొచ్చి చుక్క అందుకుంది. తోక కొస ఒకసారి కదిలింది. తర్వాత ఊపిరి ఆగిపోయింది. దగ్గూ లేదు, పెనుగులాటా లేదు. వరాలమ్మ నన్ను గట్టిగా పట్టుకుని, "ఆయనకి ఈ మాత్రం చెయ్యనివ్వలేదే" అని అప్పుడు ఏడ్చింది. రెండేళ్ళుగా దాచుకున్న ఏడుపు అది.

పెరట్లో కరివేపాకు చెట్టు పక్కన జాకీని పూడ్చారు. మర్నాడు బుల్లెమ్మ గోడెక్కి, "గిన్నె కరిగించేశారా అండీ?" అని వాకబు చేసింది. వరాలమ్మ విభూదితో నన్ను తళతళా తోమి, అదే పంచె ముక్కలో చుట్టి హిమజ చేతికిచ్చింది.

"జాగర్తగా దాచవే. రేపు నీ పిల్లలకి దీంతోనే పొయ్యి. తల తిప్పేస్తే ఆపెయ్యాలి, తెలిసిందా? నాకూ అంతే."

"ఊరుకో నానమ్మా!" అంటూ హిమజ కళ్ళు తుడుచుకుని బీరువా మూసేసింది.

మళ్ళీ పై అరలో ఉన్నాను. రెండు పనులు ముందే పురమాయించి పెట్టింది మహాతల్లి. మొదటిదానికి ఎప్పుడు పిలిచినా సిద్ధమే. రెండోదానికి మాత్రం, ఎన్నేళ్ళు ఈ చీకట్లో కూర్చోబెట్టినా నేను విసుక్కోను.