ఎవరి కంచం చల్లారిపోతోంది

"సోమవారం నువ్వు ఖాళీయే కదా, అమ్మని కంటి డాక్టరుకి చూపించుకురా" అన్నారు మా ఆయన, గడ్డం గీసుకుంటూ, అద్దంలోంచి నన్ను చూసి.

నేను దుప్పటి మడతపెడుతున్నాను. ఒక్కదాన్నే పెద్ద దుప్పటి మడతపెట్టాలంటే ఒక కొస గడ్డం కింద నొక్కి పట్టుకోవాలి. కాబట్టి జవాబు చెప్పడానికి వీల్లేదు. వీలున్నా చెప్పేదాన్ని కాదేమో. నేను పనిచేసే యూనివర్సిటీ ఆర్ట్ మ్యూజియానికి సోమవారం సెలవు. ఆదివారం అందరూ కాళ్ళు చాపుకుని కూర్చునే వేళ నేను గ్యాలరీలో నిలబడి ఉంటాను కనక, దానికి బదులుగా దొరికిన రోజది. మా ఇంట్లో అది నా రోజు కాదు, ఉమ్మడి ఆస్తి. కుళాయి బాగుచేసేవాడు ఆ రోజే వస్తాడు. ఆడపడుచు తన పిల్లల్ని ఆ రోజే దింపిపోతుంది. "మా వదిన బొమ్మలు చూపిస్తుందండీ" అని నన్ను తన స్నేహితులకి పరిచయం చేస్తుంది, నేనేదో సర్కస్ డేరా బయట టిక్కెట్లు చింపుతున్నట్టు. ఈయన అదే యూనివర్సిటీలో చరిత్ర ప్రొఫెసరు. నా ఉద్యోగానికి అప్లికేషన్ ఇంటికి తెచ్చిచ్చింది తనే అని ఇప్పటికీ గుర్తుచేస్తుంటారు. ఇంటర్వ్యూకి వెళ్ళింది మాత్రం నేనే.

నా పని చూడటం నేర్పడం. బడిపిల్లలు వస్తారు, నర్సింగ్ విద్యార్థులు వస్తారు, ఒక్కోసారి రిటైరైన పెద్దవాళ్ళ బృందం. వాళ్ళని బొమ్మ ముందు నేలమీద కూర్చోబెట్టి, కాసేపు మాట్లాడకుండా చూడమంటాను. చిత్రకారుడెవరు, ఏ కాలంవాడు, అవేవీ ముందు చెప్పను. "ఏం కనిపిస్తోంది?" అని మాత్రమే అడుగుతాను. మొదట ఎవరూ నోరు విప్పరు. తర్వాత ఆపడం కష్టం.

మా మ్యూజియంలో 'కుటుంబం' అనే పెద్ద తైలవర్ణ చిత్రం ఉంది. భోజనాల బల్ల, చుట్టూ మగవాళ్ళు, పిల్లలు, ఒక ముసలామె, తలుపు దగ్గర చేతిలో గిన్నెతో నిలబడ్డ ఒకావిడ, బల్ల దగ్గర ఒక ఖాళీ కుర్చీ. ఆ కుర్చీ చనిపోయిన కొడుకుదని పుస్తకాల్లో రాశారు. రాసినవాళ్ళంతా పండితులు, నేనూ చాలాకాలం అదే నమ్మాను. ఒక వానరోజు జనం లేక, ఒక్కదాన్నే దాని ముందు కూర్చుని ఉండగా తట్టింది. కుర్చీకి వేలాడుతున్న శాలువా అంచు, నిలబడ్డావిడ రవిక అంచు ఒకటే. ఆ కుర్చీ ముందున్న కంచంలో సగం తిన్న తిండి ఉంది. చనిపోయినవాడికి ఎవరైనా సగం తిన్న కంచం పెడతారా? కుర్చీ ఆవిడది. తింటూ తింటూ ఎవరో ఏదో అడిగితే లేచింది. ఆ తర్వాత ఏ పిల్లలొచ్చినా ఆ బొమ్మ ముందు నా ప్రశ్న ఒకటే: "ఇక్కడ ఎవరి కంచం చల్లారిపోతోంది?"

ఆ రోజు భోజనాల దగ్గర ఈయనకీ చెప్పాను. ఆయన వింటూ వింటూ "కాస్త పెరుగు" అన్నారు. లేచి తెచ్చాను.

గ్యాలరీకి మరమ్మతులు చేసి మళ్ళీ తెరిచేటప్పుడు డైరెక్టరు మేడం నన్ను పిలిచింది. "మీరు పిల్లలతో ఆ బొమ్మ గురించి మాట్లాడుతుంటే తలుపు దగ్గర నిలబడి విన్నాను. ప్రారంభం రోజు ఆ ప్రసంగం మీరే చెయ్యాలి. రికార్డు కూడా చేద్దాం, వచ్చినవాళ్ళు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినేలా" అంది. మా దగ్గర ప్రసంగాలు ప్రొఫెసర్లు చేస్తారు. నాలాంటివాళ్ళం కుర్చీలు వేయిస్తాం. బయటికొచ్చాక మెట్లమీద కూర్చుండిపోయాను. ఆ తర్వాత కొన్నాళ్ళు కూర తరుగుతూ, బస్సులో కిటికీ పక్కన, స్నానం చేస్తూ, ఆ ప్రసంగం పెదాలతో చెప్పుకుంటూనే ఉన్నాను. "నీలో నువ్వే గొణుక్కుంటున్నావేం, ఒంట్లో బాగుందా?" అన్నారు అత్తయ్య.

కంటి డాక్టరు ఆపరేషన్ అన్నాడు. తేదీ ఖరారు చేయించింది ఈయన. అది సరిగ్గా ప్రారంభం రోజే.

"మార్చడం కుదరదా?" అన్నాను.

"ఆ డాక్టరు దొరకడమే గొప్ప. అమ్మ కూడా నువ్వే పక్కనుండాలంటోంది. నేనుంటే చిరాకట." ఆయన చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంటూ చెప్పారిదంతా. "నీ ప్రసంగం సంగతేగా? నేను మాట్లాడేస్తాలే. అంతా నీ నోట విన్నదే కదా."

డైరెక్టరు మేడంకి చెబితే అయ్యో అంది. మరుక్షణమే ముఖం విప్పారింది. "సారైతే జనం కూడా బాగా వస్తారు" అంది. రెండింటిలో ఏ మాట నిజంగా అందో నాకు తెలుసు.

ఆపరేషన్ పొద్దున్నే అయిపోయింది. మధ్యాహ్నానికి అత్తయ్య ఒక కంటికి కట్టుతో, ఆసుపత్రి మంచంమీద దిండుకానుకుని కూర్చుని, నేను ఒలిచిన బత్తాయి తొనలు తింటున్నారు. నేను ఉండుండి గోడ గడియారం వైపు చూస్తున్నాను కాబోలు.

"ఎందుకమ్మాయ్ అలా మెడ తిప్పుతావ్? అంత మనసుంటే వెళ్ళాల్సింది. వాడుంటానన్నాడు కదా."

"ఎవరు?"

"మీ ఆయనే. నేనుంటానమ్మా, తనే ఒప్పుకోవట్లేదు అన్నాడు. నలుగురిలో మాట్లాడాలంటే నీకు భయమట. అందుకే ఆపరేషన్ వంక పెట్టుకుందిలే, బలవంతపెట్టకు అన్నాడు." ఆవిడ తొన నోట్లో పెట్టుకోబోయి ఆగారు. "పొద్దస్తమానం మాట్లాడటమే కదా దీని ఉద్యోగం, భయమేంటీ అనుకున్నాను. అడగలేదులే."

"మీరే నన్నుండమన్నారని చెప్పారత్తయ్యా నాకు."

ఆవిడ కట్టులేని కంటితో నన్ను చాలాసేపు చూశారు. ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆవిడ నన్నంతసేపు చూడటం అదే మొదటిసారి. తప్పెవరిదో ఆవిడకీ తెలుసు, పెంచింది తనేనని కూడా తెలుసు.

"వెళ్ళు. కంటికి కట్టు కట్టారు గానీ కాళ్ళకి కట్టలేదుగా. నర్సమ్మ ఉంది."

బస్సు దిగి, ఆసుపత్రి వాసన కొడుతున్న చీరతోనే మెట్లెక్కాను. హాలు నిండిపోయింది. వెనక గోడకి చేరబడ్డాను. ఆయన బొమ్మ పక్కన నిలబడి, నేను పిల్లల్ని అడిగినట్టే, కాసేపు మాట్లాడకుండా చూడమని అందర్నీ అడిగారు. నేను ఆగేచోటే ఆగారు. శాలువా అంచు, రవిక అంచు, సగం తిన్న కంచం. తర్వాత గొంతు తగ్గించి, "ఇక్కడ ఎవరి కంచం చల్లారిపోతోంది?" అన్నారు. హాల్లో ఎవరో 'అబ్బా' అన్నారు. చప్పట్లు మొదలయ్యాయి. నిజం చెప్పొద్దూ, నాకంటే బాగా చెప్పారు. పెరుగు కోసం నన్ను లేపిన రోజు ఆయన అంత శ్రద్ధగా విన్నారని నాకప్పటిదాకా తెలీదు.

ముందు వరసలోంచి ఒక డ్రాయింగ్ టీచరు లేచింది. ఏటా తన క్లాసుని నా దగ్గరికి తీసుకొస్తుంది. "సార్, ఇది ఇక్కడి మేడం మా పిల్లలకి చెప్పేదే కదండీ?" అంది, అమాయకంగా.

ఆయన తడుముకోలేదు. నవ్వారు. "మా ఆవిడే. ఇంట్లో కబుర్లలో ఇలాంటివి దొర్లుతుంటాయి. అదిగో, వెనక నిలబడింది. ముందుకు రమ్మంటే రాదు, భయం."

తలలన్నీ తిరిగాయి. డైరెక్టరు మేడం మైకు పట్టుకుని నా దగ్గరికే వచ్చేసింది. "మీరూ ఒక మాట చెప్పండి." మైకు నా నోటి ముందుంది. టీచరు నావైపే చూస్తోంది, రా, చెప్పు అన్నట్టు. కూర తరుగుతూ చెప్పుకున్న ప్రసంగమంతా నాలుక వెనకే ఉంది. ఇవి నా మాటలు అంటే చాలు, మూడే ముక్కలు. కానీ ఆయన ముఖం చూశాను. నలుగురిలో ఆయన పరువు గుర్తొచ్చింది, సాయంత్రం ఇంట్లో మూతి ముడుపు గుర్తొచ్చింది. నా నోట ఏమొచ్చిందో అందరూ విన్నారు.

"సారు అంతా చెప్పేశారు కదండీ."

మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఆయనకే.

ఇంటికెళ్ళాక, అత్తయ్యతో అలా ఎందుకు చెప్పారని అడిగాను. "ఏదో ఒకటి చెప్పాలి కదా. ఇప్పుడేం కొంపలు మునిగాయి? నీ మాటలే అంతమందీ విన్నారు, సంతోషించక" అన్నారు. ఆయన అది మనస్ఫూర్తిగానే అన్నారు. జవాబు తోచినప్పుడల్లా ఆయన పక్కన ఉండేవారు కాదు. గిన్నెలు తోముతూ, బస్సులో వెళ్తూ, ఎన్ని జవాబులు చెప్పానో ఆయనకి. ఆ రోజు రికార్డయింది కాకుండా, నా గొంతుతో మళ్ళీ రికార్డు చేయిద్దామా అని డైరెక్టరు మేడంని అడిగితే, "సారు అంత బాగా చెప్పాక మళ్ళీ దేనికండీ?" అంది. తప్పు నాదేనేమో అన్నట్టు వినయంగా బయటికొచ్చాను.

ఇప్పుడు ఆ బొమ్మ పక్కన హెడ్‌ఫోన్లు వేలాడుతున్నాయి. పెద్దవాళ్ళు వస్తారు, పెట్టుకుంటారు, తలలూపుతారు, ఆయన పేరున్న పలక చదువుకుని వెళ్ళిపోతారు. నా పిల్లల బృందాల్ని ఆ మూలకి తీసుకెళ్ళడం మానేశాను. మిగతా బొమ్మలు బోలెడున్నాయని నాకు నేను చెప్పుకున్నాను. అలా తప్పుకుని తప్పుకుని, నేను అన్నిటికంటే బాగా చూసిన బొమ్మనే చూడకుండా ఒక వేసవి గడిపేశాను.

మొన్న వచ్చిన క్లాసులో ఒక వాగుడుకాయ ఉంది, రెండు జడల పిల్ల. నేను పక్క గదిలో మాట్లాడుతుండగానే జారుకుని, ఆ హెడ్‌ఫోన్లు తగిలించుకుని నిలబడింది. వెతుక్కుంటూ వెళ్ళాను. మిగతా పిల్లలు నా వెనకే వచ్చారు. అది పూర్తిగా విని, చెవుల మీంచి తీసి నన్ను ఎగాదిగా చూసింది.

"మిస్, చివర్లో ఒకావిడ మాట్లాడింది. మీ గొంతులా ఉంది."

"నాదే."

"మీరు ఒక్కటే మాట చెప్పారేంటి? ఇందాకట్నుంచీ ఇంత మాట్లాడుతున్నారు కదా!"

పిల్లలు నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు, నిజంగానే తెలుసుకోవాలని చూస్తోంది. కూర్చోమన్నాను వాళ్ళని. నేనూ నేలమీద కూర్చున్నాను.

"ఆ చెప్పిన ఒక్కటీ అబద్ధం. అందులో ఆయన చెప్పేవన్నీ నేను కనిపెట్టినవి. ఆ రోజు చెప్పలేకపోయాను" అన్నాను.

"ఎందుకు చెప్పలేదు?" అందా పిల్ల.

"మీకేం కనిపిస్తోందో ముందది చెప్పండి" అని బొమ్మ వైపు చెయ్యి చూపించాను. చాలాసేపు కూర్చున్నాం. ఆ తర్వాత ఆపడం కష్టమైంది.

సాయంత్రం ఆయన సోఫాలోంచే అడిగారు, ఎవరో ఫోన్ చేసి చెప్పినట్టున్నారు. "పిల్లల ముందు నా గురించి అలా అనడం ఏమైనా బాగుందా?"

"బాగాలేదు" అన్నాను. "పెద్దవాళ్ళ ముందు అనాల్సింది, వాళ్ళందరూ వెళ్ళిపోయారు. రేపు ఇంకో బడి వస్తోంది, వాళ్ళకీ చెబుతాను."