సైరన్‌కి వేసిన నిద్రసూది

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఆమెని అందరూ సైరన్ అంటారు. లైను మీద ఎవరి వేలు చక్రాలకి దగ్గరైనా ముందు ఆమె గొంతు లేస్తుంది. ఆ వెంటనే చెయ్యి లేచి నెత్తి మీది ఎర్రతాడు లాగుతుంది. యంత్రం ఆగాలి. ఎందుకు ఆపావన్నది తర్వాత. అక్కడి పద్ధతి అది. మొన్న కాగితపు రోలు దొర్లి తన కాలి మీదే పడ్డప్పుడు మాత్రం తాడు అందుకునే వ్యవధి లేకపోయింది.

ఇప్పుడు ఆసుపత్రి మంచం. రోజూ పొద్దున కాలి కట్టు మార్చాలి. విప్పేటప్పుడు నొప్పి తట్టుకోలేదని ముందుగా నిద్రసూది వేస్తారు. మిగతావాళ్లు గుర్రుపెట్టి పడుకుంటారు. ఈమెకి కాసేపటికే ఒళ్లంతా చీమలు పాకుతాయి, గుండె దడదడలాడుతుంది, గోడలు బద్దలుకొట్టుకుని పారిపోవాలనిపిస్తుంది. మంచం దిగబోతే పట్టుకుంటారు. గుడ్డపీలికలతో రెండు చేతులూ మంచం కమ్మీలకి కట్టేసి, చాల్లేదని ఇంకో సూది వేస్తారు. మధ్యాహ్నానికి మందు దిగిపోయి ఆమె మామూలు మనిషవుతుంది. అప్పుడు నర్సమ్మ వచ్చి, "చూశావా, రెండోది పడితే గానీ దారికి రాలేదు" అంటుంది.

మందు పనిచేసి కాదు, మందు పోయి కుదుటపడ్డానంటే వినే చెవి ఏది? సీసా మీద నిద్ర అని రాసి ఉంటే నిద్రే రావాలి. రాకపోతే తప్పు ఒంటిదే!

"వదినా, ఆ సూదే నన్ను పిచ్చిదాన్ని చేస్తోంది. ఒక్కరోజు ఆపించు, నీ కాళ్లు పట్టుకుంటా," అంది తోడున్న ఆడపడుచుతో.

"నా కాళ్ల సంగతి సరే, ముందు నీ కాలు చూసుకో. నిద్రమందుకి ఎగిరేవాళ్లని ఎక్కడైనా చూశామా? నీ నోరు పుట్టినప్పట్నుంచీ అంతేగా!"

అయినా పాపం, ఆడపడుచు వెళ్లి అడిగింది. నర్సమ్మ నవ్వింది. "సూదిలో గోల ఎక్కడుందమ్మా? గోలంతా మీ మరదలిది."

అరిస్తే ఇంకో సూది. అరవకపోతే? కదలకుండా పడుంటే, తర్వాత నింపాదిగా చెప్పినప్పుడు మనిషి మాటగా వింటారు. అలా అనుకుంది సైరన్.

మర్నాడు రెండు సూదుల మందూ ఒకేసారి ఎక్కించారు. చీమలు పాకాయి. పళ్లు బిగించింది. కట్టు ఊడదీస్తుంటే దుప్పటి గుప్పిట్లో నలిపేసింది గానీ కన్ను తెరవలేదు. లోపల లైను పరుగెడుతూనే ఉంది, ఆపే తాడు లేదు.

డాక్టరు వచ్చి చూశాడు. "భేష్! ఇప్పటికి డోసు కుదిరింది. రోజూ ఇంతే వేయండి. ఇంటికెళ్లాక కూడా ఇదే మందు మాత్రల్లో ఇద్దాం."

ఆడపడుచు కళ్లు తుడుచుకుంది. "మీ పిల్లాపాపా చల్లగా ఉండాలి బాబూ! మా మరదలు ఇంత నెమ్మదిగా పడుకోవడం ఇదే చూడ్డం."

ఇంటికి కూడానా! నింపాదిగా చెప్పాలనుకున్న మాటలన్నీ వరసగా పేర్చుకుని నోరు తెరిచింది. సైరనే వచ్చింది.

"వద్దు! ఆపండి! ముందు ఆపండి!"

చెయ్యి దానంతటదే నెత్తి మీదికి లేచి, లేని తాడు కోసం దేవులాడింది. నర్సమ్మ ఆ మణికట్టు గాల్లోనే పట్టేసింది.

"అయ్యో, డోసు అప్పుడే తగ్గిపోయినట్టుంది," అన్నాడు డాక్టరు జాలిగా.

ఆడపడుచు గుడ్డపీలిక అందుకుంది. చెయ్యి నొప్పి పుట్టకుండా, ఎంతో ప్రేమగా, కమ్మీకి ముడి వేసింది.

"కాస్త ఓర్చుకో తల్లీ. సూది తెస్తున్నారు."